ఘాట్ ఎక్కి వ్యాన్ ఆపిన రాత్రి పొయ్యి జోలికి పోకండి

విశాఖలో క్యాంపర్ వ్యాన్ అద్దెకు తీసుకుని, పెద్దవాళ్లు ఇద్దరు, పిల్లలు ఇద్దరు సాలూరు మీదుగా ఒడిశాలోని కోరాపుట్ వైపు వస్తున్నారు. దేవమాలి కొండ దగ్గర రాత్రి మకాం. చేరేసరికి చీకటి పడుతుంది, ఆ పూటకి తేలిగ్గా ఏం వండుకోవచ్చు అని మీరు అడిగారు. నన్నడిగితే ఆ పూట వంటే వద్దు. తినడం ఉండాలి, వండటం ఉండకూడదు. ఎందుకో చెప్తాను, తర్వాత ఏం తినాలో చెప్తాను.

మాది రాయగడ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. మా బావగారు ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు తీయించి, రెండు బల్లలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించారు. దాన్నేసుకుని గోపాల్‌పూర్ సముద్రం, పర్లాకిమిడి, చంద్రగిరి బౌద్ధ విహారం, దుడుమా జలపాతం అన్నీ తిరిగాం. మొదటి ట్రిప్పు మాత్రం మీరు వెళ్తున్న దేవమాలికే. జనవరి నెల. 1672 మీటర్లు, ఒడిశాలో దానికంటే ఎత్తయిన కొండ లేదు. చలి సంగతి మాకు తెలుసు, స్వెట్టర్లు పెట్టుకున్నాం. కుక్కర్ సంగతే తెలియలేదు.

ఆ రాత్రికి ముద్దపప్పు, అన్నం, కోడికూర అని మా అక్క ప్లాన్. దారిలో సెమిలిగుడ ఊళ్లో చికెన్ కొట్టు మూసేసి ఉండటం మా అదృష్టం. కొండ దగ్గర బండి ఆపి, టార్చి వెలుగులో సామాన్లు దించి కుక్కర్ తీస్తే దాని మీద పెట్టే వెయిట్ లేదు. రాయగడలో గిన్నెల స్టాండు మీదే ఉండిపోయింది. సరేలే, మామూలు గిన్నెలో ఉడికిద్దాం అని కందిపప్పు పడేశాం. గాలికి మంట ఒక పక్కకి పడిపోతోంది. గిన్నెకి ఎడమవైపు నీళ్లు తెర్లుతున్నాయి, కుడివైపు కదలిక లేదు. బావగారు అట్టపెట్టె చింపి అడ్డం పట్టుకుని కూర్చున్నారు. గంట గడిచాక ఒక పప్పుబద్ద తీసి వేళ్ల మధ్య నలిపాను. పైపొర మెత్తగా జారింది, లోపల పలుకు రాయిలా ఉంది.

మళ్లీ నీళ్లు, మళ్లీ మంట. ఎత్తుకి వెళ్లేకొద్దీ నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, సుమారు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున. 1500 మీటర్ల దగ్గర 95 డిగ్రీలకే బుడగలొస్తాయి. ఆ తర్వాత ఎంత మంట పెట్టినా నీళ్లు అంతకంటే వేడెక్కవు, గ్యాస్ మాత్రం అయిపోతుంది. కందిపప్పుకి కుక్కర్ కావలసింది అందుకే. చివరికి పొద్దున టిఫిన్‌కని కొన్న మరమరాల్లో బెల్లం ఆవకాయ కలుపుకుని తిని పడుకున్నాం. పిల్లలు అది కూడా తినకుండానే నిద్రపోయారు. పొద్దున లేచేసరికి గిన్నెలో పసుపు ముద్ద గడ్డకట్టి ఉంది. దాన్ని తోమడానికే అరబకెట్ నీళ్లు పోయాయి.

ఈ కథ విని మా చిన్నాన్న పడీపడీ నవ్వాడు. ఆయన సాలూరు లారీల మీద రాయపూర్ లైన్లో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. మనం ఇప్పుడు క్యాంపింగ్ అంటున్నది లారీవాళ్లకి రోజూ ఉండే బతుకే. ఆయన చెప్పింది ఒక్కటే: "బండి ఆపిన పూట పొయ్యి ముట్టుకోకురా. ముట్టుకుంటే ఒక్కటే గిన్నె, ఒక్కసారే." అప్పట్నుంచీ మేం చేసేది చెప్తాను.

పొద్దున బయల్దేరేముందు ఇంట్లో పులిహోర కలుపుతాం. నిమ్మకాయది కాదు, చింతపండుదే, ఆవపిండి వేసి. అన్నం బిరుసుగా వార్చి, పళ్లెంలో పరిచి, నూనె, పసుపు చల్లి పూర్తిగా ఆరాకే గుజ్జు కలపాలి. వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగిస్తే చెమట పట్టి రాత్రికి వాసనొస్తుంది. పులుపు, ఉప్పు, నూనె ఒక పిసరు ఎక్కువే వెయ్యండి. నిలవ ఉండేది వాటి వల్లే. పొద్దున తింటే ఘాటుగా అనిపిస్తుంది, రాత్రికి అన్నం పీల్చుకుని సరిపోతుంది.

పిల్లలకి పెరుగన్నం. దీన్ని పెరుగుతో కలిపి తేకండి, దారిలో పులిసిపోతుంది. మెత్తగా వండిన అన్నం గరిటెతో మెదిపి, గోరువెచ్చని పాలు ధారాళంగా పోసి, చెంచాడు పెరుగు మాత్రం కలిపి స్టీలు క్యాన్‌లో మూతపెట్టండి. సాలూరులో భోజనానికి ఆగినప్పుడు అది పాలన్నమే. ఘాట్ దాటి పొట్టంగి వచ్చేసరికి తోడుకుంటూ ఉంటుంది. రాత్రి మూత తీస్తే తియ్యటి పెరుగన్నం. ఉప్పు అప్పుడే వెయ్యండి. ఎండాకాలమైతే పెరుగు అరచెంచా చాలు.

ఇవి రెండూ చల్లటివే కాబట్టి ఒక్క వేడి వస్తువు ఉండాలి, లేకపోతే కొండ మీద తిన్నట్టుండదు. దానికి చారు. చింతపండు గుజ్జులో చారుపొడి, ఉప్పు, పసుపు వేసి ఇంట్లోనే దగ్గరగా ఉడికించి, పోపు కూడా పెట్టేసి సీసాలో పోసుకుంటాం. అక్కడ నాలుగు గ్లాసుల నీళ్లలో రెండు గరిటెలు వేసి ఒక పొంగు రానిస్తే అయిపోయింది. గ్లాసుల్లో పోసుకుని తాగడమే. ఆ రాత్రికి పొయ్యి పని ఇంతే, చిన్నాన్న చెప్పిన ఒక్క గిన్నె.

అన్నం వద్దు, వేడిగానే ఏదో ఒకటి తినాలి అంటే ఉప్పుడుపిండి. వరినూక, పెసరపప్పు దోరగా వేయించి, ఆవాలు, జీలకర్ర, మిరియాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు కరకరలాడేలా వేయించి అందులో కలిపేసి, చల్లారాక ప్యాకెట్ కట్టండి. గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు మరిగించి, ఉప్పేసి, ఇది పోసి మూతపెడితే పావుగంట. కొండ మీద ఇంకో అరగ్లాసు నీళ్లు, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. బొంబాయి రవ్వతో కూడా ఇలాగే చెయ్యొచ్చు గానీ చల్లారితే అది అట్టలా బిగుస్తుంది.

ఇంటి దగ్గర ఏదీ చేసుకోవడం కుదరకపోయినా టెన్షన్ పడకండి. సెమిలిగుడలో ఆగండి, చీకటి పడకముందే. సాయంత్రం బజార్లో వేడివేడి బరా, ఘుగుని దొరుకుతాయి. బరా అంటే మన గారెకి చుట్టం, ఘుగుని అంటే బఠాణీ కూర. ఒక మూట ముఢీ కొనుక్కోండి, అంటే మరమరాలే. ఘుగుని ముఢీ మీద పోసుకుని ఉల్లిపాయ, పచ్చిమిర్చి కొరుక్కుంటూ తింటే కడుపు నిండిపోతుంది. అటుకుల్ని ఇక్కడ చుడా అంటారు. తడిపి, పెరుగు, బెల్లం, అరటిపండు కలిపితే పిల్లలు మారుమాట లేకుండా తింటారు. నిజం చెప్పాలంటే ఇప్పుడు మేం సగంసార్లు ఇదే చేస్తున్నాం. అక్క మాత్రం ఒప్పుకోదు, పులిహోర లేని ప్రయాణం ప్రయాణమే కాదంటుంది.

గుడ్లు ఇంట్లోనే ఉడకబెట్టి పెంకుతో తెచ్చుకోండి. పచ్చివి తెస్తే ఘాట్ మలుపుల్లో ఏమవుతుందో మా దుప్పటిని అడగాలి. కొబ్బరి పచ్చడి తేవద్దు, మధ్యాహ్నానికే పాడవుతుంది. ఆకుకూరలు, చపాతీ పిండి ఆ రాత్రికి వద్దే వద్దు.

గిన్నెల గురించి. వ్యాన్ ట్యాంకులో నీళ్లు చూడ్డానికి బోలెడుంటాయి, నలుగురు చేతులు కడుక్కునేసరికి సగం అయిపోతాయి. అందుకని ఎప్పుడూ అడ్డాకు విస్తళ్ల కట్ట ఒకటి బండిలో ఉంచుతాం. ఇక్కడ సంతల్లో దొరుకుతాయి, ఒడియాలో ఆ తీగని సియాళి అంటారు. తిన్న ఆకులు కొండ మీద వదిలేయకుండా సంచిలో వేసుకుని కిందకి తెచ్చేయండి.

గ్యాస్ విషయంలో మాత్రం నా మాట వినండి. ఘాట్ ఎక్కేముందు రెగ్యులేటర్ ఆఫ్ చెయ్యాలి, సిలిండర్ నిలబెట్టి తాడుతో బిగించాలి. మేం ఒకసారి అద్దెకి తీసుకున్న వేరే బండిలో సిలిండర్ ఊరికే బల్ల కింద దొర్లుతూ ఉంది, ఇచ్చినాయన పట్టించుకోలేదు. తాళాలు తీసుకునే ముందు మీరే చూసుకోండి. లోపల చారు కాచినా కిటికీ తెరిచి ఉంచండి. చలేస్తోందని పొయ్యి వెలిగించుకుని తలుపులు మూసి పడుకోవడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే, అప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన కూడా ఉండదు. చిన్న డబ్బా గ్యాస్ పొయ్యి తెచ్చుకుంటే డబ్బా చల్లబడేకొద్దీ మంట నీరసపడుతుంది. వాడేదాకా దాన్ని బట్టల సంచిలో చుట్టి ఉంచండి, పొయ్యికి తగిలించాక మాత్రం దాని మీద ఏదీ కప్పకండి.

అసలు వంట మర్నాడు పెట్టుకోండి. శుక్రవారం అయితే దగ్గర్లోనే కుందులి సంత, పొద్దున్నే వెళ్తే అప్పుడే కోసిన కూరగాయలు. గురువారం దుడుమా వైపు వెళ్తే ఒంకడెల్లి సంత. చోడిపిండి, అంటే రాగిపిండి, ఒక కిలో కొనండి, ఇక్కడ మాండియా అంటారు. మిగిలిన అన్నంలో అంబలి కాచుకుంటే మరో పూట గడిచిపోతుంది. పప్పు తినాలనిపిస్తే కందిపప్పు కాదు, పెసరపప్పు తెచ్చుకోండి, మామూలు గిన్నెలోనే ఉడుకుతుంది. కందిపప్పే కావాలంటే కుక్కర్ వెయిట్‌ని కుక్కర్ చెవికి దారంతో కట్టేయండి. మాది ఇప్పటికీ అలాగే ఉంది, ఎర్రదారంతో.