మా మేనకోడలి గూడబాతు అవ్వ

తొమ్మిదేళ్ల మీ అబ్బాయి సొంతంగా కామిక్ గీయాలనుకుంటున్నాడనీ, ఎన్నిసార్లు గీసినా టీవీలో చూసిన ముసుగువీరుడే వస్తున్నాడనీ, గ్రంథాలయంలో ఏ పుస్తకాలు చూపించాలో, బొమ్మలు చూసి దించుకోనివ్వవచ్చో లేదో చెప్పమనీ అడిగారు.

తప్పకుండా తీసుకువెళ్లండి. కానీ కామిక్ పుస్తకాలూ, బొమ్మలు గీయడం నేర్పే పుస్తకాలూ ఉన్న బీరువా వైపు మాత్రం వెళ్లనివ్వకండి. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన గ్రంథాలయమైతే అవి 741 అంకె దగ్గర ఉంటాయి. ఎవరో ఒకరు మలిచి పెట్టిన పాత్రను చూసిన పిల్లల చేతికి మళ్లీ ఆ పాత్రే వస్తుంది. మీకు కావలసినవి పాత్రలే లేని పుస్తకాలు. పక్షులకు 598, పురుగులకు 595, దుస్తులకూ నగలకూ 391 అంకెల దగ్గర వెతకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అక్క కూతురు. మేము శ్రీకాకుళంలో ఉంటాం. అది ఐదో తరగతిలో ఉండగా ఒక గ్రంథాలయానికి తీసుకువెళ్లాను. అక్కడ రంగుల బొమ్మలున్న లావుపాటి పక్షుల పుస్తకం ఒకటి అద్దాల బీరువాలో తాళం వేసి ఉంది. చాలాసేపు బతిమాలితే తీసి ఇచ్చారు కానీ, అది రిఫరెన్స్ పుస్తకం కనుక ఇంటికి ఇవ్వబోమన్నారు, ఫోన్‌లో ఫొటో కూడా తీయవద్దన్నారు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్న మన పిల్లలకు పుస్తకం తాకే హక్కు కూడా లేదా అని ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. ఇప్పటికీ ఆ తాళాలంటే నాకు కోపమే.

పిల్ల మాత్రం గూడబాతు (పెలికాన్) బొమ్మ ఉన్న పేజీ తిప్పకుండా అరగంట కూర్చుంది. ఇంటికి వచ్చి, చేతిలో పుస్తకం లేకుండా, జ్ఞాపకం ఉన్నంతవరకు గీసింది. అసలు పక్షికి ముక్కు కింద వేలాడే తిత్తి మెత్తని చర్మపు సాగు. దీని బొమ్మలో అది మా అమ్మ రొండిన దోపుకునే ఆకువక్కల సంచిలా, మూతికి రెండు తాళ్లతో, ముడి వేసి ఉంది. "తాళ్లు ఎక్కడివే?" అని అడిగితే, "తాళ్లు లేకపోతే లోపలివి పడిపోవా, మావయ్యా?" అంది. లోపల ఏమున్నాయంటే ఊళ్లో పిల్లలు పోగొట్టుకున్నవన్నీ ఉన్నాయట: పెన్సిలు చెక్కే మర, ఒంటి చెప్పు, సైకిలు తాళంచెవి. ఆ విధంగా గూడబాతు అవ్వ పుట్టింది. పుస్తకం ఎదురుగా తెరిచి ఉంటే ఆ తాళ్లు వచ్చేవి కావని నా గట్టి నమ్మకం. అందుకే దించుకోనివ్వకండి. పిల్లవాడు ఎంతసేపు కావాలంటే అంతసేపు చూడాలి, తరువాత పుస్తకం మూసి గీయాలి.

ఆ చలికాలంలోనే దానిని టెక్కలి దగ్గరి తేలినీలాపురం తీసుకువెళ్లాను. చెట్ల మీద గూడబాతుల గూళ్లలో పిల్లలు తల్లి తిత్తిలోకి తల దూర్చి మేత తింటూ కనిపించాయి. మరునాటి బొమ్మలో ఊరి పిల్లలు అవ్వ సంచిలో నడుము దాకా దూరి తమ వస్తువులు వెతుక్కుంటున్నారు. తాళ్లు మాత్రం తీయలేదు, నేను తీయమననూ లేదు.

పాత చందమామ సంపుటాలు దొరికితే ముఖచిత్రాలు చూపించవచ్చు. నేను పెట్టిన నియమానికి ఇది విరుద్ధమే అయినా, మూలన 'వ.పా' అని సంతకం చేసిన వడ్డాది పాపయ్య గారు 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారని తెలిసినప్పుడు మా పిల్ల ముఖం వెలిగిన తీరు చూశాను కనుక చెబుతున్నాను.

మీ అబ్బాయికి బలవంతుడు కావాలి కదా, కోడి రామమూర్తి నాయుడు గారి జీవితచరిత్ర వెతికి చదివి వినిపించండి. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచిన మనిషి వీరఘట్టంలో పుట్టినవాడే. ఆయన ఫొటో చూపించకుండా ముందు వినిపించడమే మంచిది. గొలుసు ఎంత లావు, ఛాతీ ఎంత వెడల్పు అన్నది వాడే తేల్చుకుంటాడు. ప్రతినాయకుడి కోసం పురుగుల పుస్తకంలో కొమ్ము పురుగు పేజీ తీయండి. ఉద్దానం కొబ్బరి రైతులను అడిగితే దాని దుర్మార్గం ఇంకా బాగా చెబుతారు: అది మొవ్వులోకి తొలుచుకుపోయి విప్పుకోని ఆకును కొరుకుతుంది, ఆ ఆకు విప్పుకున్నాక కత్తెరతో కత్తిరించిన విసనకర్రలా కనిపిస్తుంది. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, తల మీద వెనక్కి వంగిన ఒక్క కొమ్ము. ఒక పావుగంట చూడనిచ్చి, పుస్తకం మీరే మూసేయండి.