పిల్లలతో మాంచెస్టర్ వెళ్లడానికి 14 లక్షలు సరిపోతాయా?

ప్రశ్న: మావారూ నేనూ విడిగా ఉంటున్నాం. హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టులో విడాకుల కేసు నడుస్తోంది. తొమ్మిదేళ్ల పాప, ఆరేళ్ల బాబు నా దగ్గరే ఉన్నారు. నాకు మాంచెస్టర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి కోర్టు అనుమతి అడుగుతున్నాను. చేతిలో 14 లక్షలున్నాయి. చాలతాయా? ఇద్దరి పేరునా ఉన్న ఫ్లాట్ అమ్మేయాలా?

జవాబు: వీసా వరకూ సరిపోతాయి. అక్కడ నిలదొక్కుకోవడానికి మాత్రం చాలవు. ఫ్లాట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి.

బ్రిటన్ వీసాకు హెల్త్ సర్‌చార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే రుసుము) ముందే కట్టాలి. పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకు ఒక్కొక్కరికి 776. మూడేళ్ల వీసా అనుకుంటే ముగ్గురికీ 7,761 పౌండ్లు. పౌండు 120 రూపాయలనుకున్నా తొమ్మిది లక్షలు దాటింది. ఖర్చులకు కంపెనీ హామీ ఇవ్వకపోతే 1,785 పౌండ్లు మీ ఖాతాలో 28 రోజులు కదలకుండా ఉండాలి. ఇంకో రెండు లక్షలు అలా ఆగిపోతాయి. మిగిలిన దాంట్లోనే వీసా ఫీజు, టికెట్లు, ఇంటి అడ్వాన్సు, మొదటి జీతం దాకా తిండి. అందుకే సర్‌చార్జ్‌లో ఎంత భరిస్తారో, పిల్లలది కూడా కలుపుతారా అని కంపెనీని ఈ వారమే రాతపూర్వకంగా అడగండి.

పిల్లల్ని తీసుకెళ్లొచ్చని కోర్టు ఉత్తర్వు చేతికి రాకముందు వీసా ఫీజు కట్టొద్దు, స్కూల్లో టీసీ తీసుకోవద్దు. తల్లి ఒక్కతే పిల్లల్ని తీసుకెళ్తుంటే, వాళ్ల బాధ్యత పూర్తిగా ఆమెదేనని బ్రిటన్ సాధారణంగా రుజువు అడుగుతుంది. కాబట్టి ఉత్తర్వులో కస్టడీ గురించి ఏ మాటలు ఉండాలో మీ లాయర్‌తో ముందే మాట్లాడండి. అనుమతి లేకుండా విమానం ఎక్కేయమని ఎవరైనా చెబితే వినకండి. రేపు కస్టడీ విషయంలో అదే మీకు ఎదురు తిరుగుతుంది.

కోర్టు చూసేది పిల్లల మేలు. నాన్నకు వాళ్లు దూరమైపోతారా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. దానికి మీ దగ్గర డబ్బు లెక్కతో సహా జవాబు ఉండాలి. 2020లో సుప్రీంకోర్టు ఒక బాబును కెన్యాలో ఉన్న తండ్రికి అప్పగిస్తూ, తండ్రి చేత కోటి రూపాయలు డిపాజిట్ చేయించింది. నైరోబీ కోర్టు నుంచి కూడా అదే తరహా ఉత్తర్వు తెమ్మంది. ఆ మాట తప్పాడని మరుసటి ఏడాది ఆ ఉత్తర్వునే వెనక్కి తీసుకుంది. మీ నుంచి కోటి అడుగుతారని కాదు. ఏటా వేసవిలో పిల్లల్ని ఇక్కడికి తీసుకురావడానికి విడిగా ఒక ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, దాని రసీదు పిటిషన్‌తో జత చేయండి. బాబు చిన్నవాడు, ఒంటరిగా పంపలేరు, కాబట్టి మీ టికెట్ కూడా కలపండి. నా అంచనాలో రెండేళ్లకు ఐదారు లక్షలు కావాలి. ఇంగ్లండ్ కోర్టులోనూ ఉత్తర్వు తెమ్మంటే అక్కడి లాయర్ ఫీజు అదనం.

ఈ లోటుకు ఫ్లాట్ అమ్మితే పనవదు. ఆయన సంతకం లేకుండా అమ్మకం జరగదు, తొందరలో ధరా రాదు. ఉత్తర్వు వచ్చాక అవసరమైతే మీ బంగారం మీద లోన్ తీసుకుని, అక్కడి జీతంతో ఏడాదిలో తీర్చేయండి. ఫ్లాట్ ఈఎంఐలో మీ వాటా ఆగకుండా చూసుకోండి. వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండే భారతీయులు ఇక్కడ నడుపుకునే రూపాయల ఖాతా) మార్చి అందులోంచే కట్టొచ్చు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. "పిల్లల భరణం వదులుకో, నేను సంతకం పెడతా" అన్న బేరం వస్తే ఒప్పుకోకండి. అది పిల్లల హక్కు, మీరు వదిలేయడానికి మీది కాదు. కావాలంటే ఏడాదిలో ఒక ప్రయాణం ఖర్చు ఆయన, ఒకటి మీరు పెట్టుకునేలా అడగండి. అది కూడా ఉత్తర్వులోనే రాయించుకోండి.