కార్డుల మాయను కథలోకి తేవడం: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి, తిరుపతి నుంచి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పంపిన నియమాల కాగితం చదివాను. చిత్తూరులో ఆదివారాలు మీరు పాచికలతో కథ నడుపుతూ ఆడుకునే డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి కార్డుల ఆట మ్యాజిక్: ద గ్యాదరింగ్‌లోని ఐదు రంగుల మానాను, అంటే మంత్రాలకు ఖర్చయ్యే శక్తిని, తేవాలనుకోవడం నాకు చాలా నచ్చింది. అయితే నీ కాగితంలోని మొదటి నియమాన్నే కొట్టెయ్యమంటాను. మాంత్రికులందరూ పేక కలిపి, చేతికి మానా ఇచ్చే భూమి ముక్కలు వస్తేనే మంత్రం వేయాలని రాశావు. అది వద్దమ్మా.

కార్డుల ఆటలో 60 ముక్కలుంటే సుమారు 24 భూములు పెట్టుకుంటారు. అయినా ఒక్కోసారి చేతికి ఒక్క భూమీ రాదు. అక్కడ దానివల్ల పెద్ద నష్టం లేదు. త్వరగా ఓడిపోయి, పేక మళ్ళీ కలిపి ఇంకో ఆట మొదలుపెట్టవచ్చు. నీ బల్ల దగ్గర ఒక్క పోరాటమే గంట పడుతుంది. వారమంతా ఎదురుచూసి వచ్చిన స్నేహితురాలు ఆ గంటా భూమి రాలేదని చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అదృష్టం పని చేయడానికి పాచికలు ఉండనే ఉన్నాయి.

భూమి ముక్కలు తీసేసి మానాను మాత్రం ఉంచుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. కార్డుల ఆటలో ఖర్చుకు రెండు హద్దులున్నాయి. వాడిన మానా ప్రతి వంతుకూ మళ్ళీ వస్తుంది కాబట్టి, ఈ వంతులో ఎంత పెద్ద మంత్రం వేయగలవో అది చెబుతుంది. వేసిన ముక్క మాత్రం చేతికి తిరిగి రాదు కాబట్టి, ఇంకా ఎన్ని మంత్రాలు మిగిలాయో చేతి ముక్కలు చెబుతాయి. డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఈ రెండు పనులూ స్పెల్ స్లాట్లే, అంటే రోజుకు ఏ లెవల్ మంత్రాలు ఎన్ని వేయవచ్చో చెప్పే లెక్కే, చేస్తాయి. స్లాట్లు తీసేసి మానా ఒక్కటే పెడితే, ఫైర్‌బాల్ లాంటి మూడో లెవల్ మంత్రాన్ని పొద్దస్తమానం వేస్తూనే ఉండవచ్చు. కత్తి పట్టిన పాత్రకు ఇక పనే ఉండదు. అందుకే మానాను తెస్తే చేతి ముక్కలనూ తేవాలి.

మాంత్రికుడు ఉదయం సిద్ధం చేసుకున్న మంత్రాలనే అతని చేతి ముక్కలు అనుకో. ప్రతి మంత్రాన్నీ ఒక కాగితం ముక్క మీద రాసి ఇవ్వు. వేసిన ముక్కను నీకు ఇచ్చేస్తారు, రాత్రి విశ్రాంతి తర్వాత మళ్ళీ తీసుకుంటారు. లెక్క చక్కగా కుదురుతుంది చూడు. 2014 నియమాల ప్రకారం ఐదో లెవల్ విజార్డ్‌కు ఒకటి, రెండు, మూడో లెవల్ మంత్రాలకు 4, 3, 2 చొప్పున మొత్తం 9 స్లాట్లు. పాత్ర తెలివి అంకె 18 ఉంటే అతను సిద్ధం చేసుకోగల మంత్రాలూ 9. పదో లెవల్‌లో స్లాట్లు 15, తెలివి 20 ఉంటే సిద్ధమయ్యే మంత్రాలూ 15. ఒక్క జాగ్రత్త తీసుకో. తన అతి పెద్ద లెవల్ మంత్రాలు రెండుకు మించి చేతిలో పెట్టుకోనివ్వకు. లేకపోతే అందరూ పెద్దవే ఏరుకుంటారు. ఎన్నిసార్లైనా వేయగల చిన్న క్యాంట్రిప్‌లకు ఈ లెక్క వద్దు.

పోరాటం మొదటి రౌండులో రెండు మానా ఇవ్వు, తర్వాత రౌండుకొకటి పెంచు. మంత్రం ఎన్నో లెవల్‌దైతే అంత ఖర్చు. ఫైర్‌బాల్ రెండో రౌండులో వస్తుంది. పోరాటాలు చాలావరకు మూడు నాలుగు రౌండ్లలో తేలిపోతాయి కాబట్టి, ఒకటి నుంచి మొదలుపెడితే మరీ ఆలస్యమవుతుంది. పోరాటం లేనప్పుడు మానా లెక్కే వద్దు, ముక్క ఇచ్చేస్తే చాలు.

ఇక రంగుల సంగతి. నీ కాగితంలో దీనికి రెండు వాక్యాలే రాశావు. నిజానికి ఆ మాయకు ప్రాణం ఇక్కడే ఉంది. తెలుపు, నీలం, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ ఈ వరుసలో చక్రంగా నిలబడతాయి. పక్కపక్కవి మిత్రులు, ఎదురెదురువి శత్రువులు. ఏ రంగు ఏం చేయగలదో అందరూ రాసుకుంటారు. నువ్వు మాత్రం ఏ రంగుకు ఏది చేతకాదో ముందు రాసుకో. ఎరుపు నిప్పుతో కాలుస్తుంది గాని, వేసి ఉన్న మాయను విప్పలేదు. ఆ పని ముఖ్యంగా తెలుపుది, ఆకుపచ్చది. కాబట్టి డిస్పెల్ మ్యాజిక్‌ను ఆ రెండింటికే ఇవ్వు. ఎరుపు–నలుపు జట్టు ముందు మంత్రంతో మూసిన తలుపు పెట్టి చూడు. గోడ పగలగొట్టడమో, కావలివాడితో బేరం పెట్టడమో తప్పదు. కథ అక్కడ పుడుతుంది. నలుపు మాంత్రికుడికి ఇంకో దారి కూడా ఇవ్వు. హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం, వదులుకుంటే ఒక మానా అదనంగా దొరకాలి. బలం కోసం సొంత రక్తం చెల్లించడం ఆ రంగు స్వభావం.

నీలంతో బహు జాగ్రత్తగా ఉండు. రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన ఆ ఆట 1993లో వచ్చినప్పుడే, ఒక్క మానాకు మూడు చొప్పున ఫలం ఇచ్చే ముక్కలు రంగుకొకటి ఉన్నాయి. ఎరుపు లైట్నింగ్ బోల్ట్ మూడు పాయింట్ల నష్టం చేస్తుంది, నలుపు డార్క్ రిచువల్ మూడు మానా ఇస్తుంది, నీలం యాన్సెస్ట్రల్ రికాల్ మూడు ముక్కలు తీయిస్తుంది. అంకె ఒకటే అయినా బలం ఒకటి కాదు. యాన్సెస్ట్రల్ రికాల్ ఎంత బలమైనదంటే, దాదాపు అన్ని పాత ముక్కలనూ అనుమతించే వింటేజ్ పోటీల్లో కూడా దాన్ని ఒక్కటి మించి పెట్టుకోనివ్వరు. నీ కథలో నీలానికి దక్కేది సమాచారం. శత్రువు మనసు చదివే మంత్రం ఒక్కటి నువ్వు నెల రోజులు అల్లిన రహస్యాన్ని విప్పేస్తుంది. అలాంటి వాటికి ఒక మానా ఎక్కువ పెట్టడం అన్యాయం కాదు.

మ్యాజిక్ తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ 1997లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ సంస్థను కొనేసింది. రెండు ఆటలూ ఒకే చేతిలో ఉన్నా, 2018లో మ్యాజిక్ కథల్లోని రావ్నికా నగరాన్ని డన్జన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంగా తెచ్చినప్పుడు స్లాట్లను అలాగే ఉంచారు. రెండేసి రంగుల పది సంఘాలను మాత్రం తెచ్చారు. రంగుల స్వభావం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుసుకో.

భూముల్ని పారేయమన్నానని బాధపడకు. వాటి చోటు పటంలో. ఆ ఆట కథలో మాంత్రికుడు తాను తిరిగి బంధం పెంచుకున్న నేలల నుంచే మానా తీసుకుంటాడు. మన చుట్టుపక్కలే ఐదు రంగుల నేలలూ ఉన్నాయి. ఎర్రచందనం పెరిగే శేషాచలం అడవి ఆకుపచ్చకు, స్వర్ణముఖి ఒడ్డు పొలాలు తెలుపుకు, చంద్రగిరి కోట కొండ ఎరుపుకు, పులికాట్ సరస్సు బురద ఒడ్లు నలుపుకు, ఆ సరస్సుకూ సముద్రానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవి నీలానికి. తిరుమల కొండను మాత్రం ఆటలోకి తేవద్దు, అది నా మనవి. ఒక నేలకు వెళ్ళి, అక్కడి పని చక్కబెట్టి వస్తే ఆ రంగు దక్కాలి. అదే నేల మీద నిలబడి పోరాడితే మొదటి రౌండులో ఒక మానా అదనంగా ఇవ్వు.

మొదట అందరికీ ఐదో లెవల్ పాత్రలిచ్చి, ఒక్కొక్కరికీ రెండు రంగులిచ్చి ఒక పోరాటం ఆడించు. మొదటి రౌండులో ఎవరైనా ఊరికే కూర్చుంటే ఆరంభపు మానాను మూడు చెయ్యి, చేతి ముక్కల లెక్క మాత్రం మార్చకు. నీలం మంత్రాల జాబితా నాకు పంపు. ఆదివారం లోపల చూసి, ఏవి ఖరీదు పెంచాలో రాస్తాను.

ఇట్లు,
మామయ్య