లైసిన్ దేనికి పనికొస్తుంది? పెదవి మీద పొక్కులకు వాడొచ్చా?

లైసిన్ మన ఒంట్లో తయారు కాదు, తిండి నుంచి రావాల్సిందే. ఇలాంటి ఆవశ్యక అమైనో ఆమ్లాలు (ప్రోటీన్లను కట్టే ఇటుకల్లాంటివి) 9 ఉన్నాయి, వాటిలో ఇదొకటి. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, క్షార గుణం ఉంటుంది.

దీని ముఖ్యమైన పనుల్లో ఒకటి కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో కనిపిస్తుంది. చర్మానికీ ఎముకలకూ బలాన్నిచ్చే ఆ పోగులు జారిపోకుండా ఒకదానికొకటి ముడిపడేది లైసిన్ ఉన్న చోటే, పైగా ఆ పనికి విటమిన్ సి కూడా తోడుండాలి. కొవ్వును మైటోకాండ్రియాలోకి (కణాల్లో శక్తి తయారయ్యే చోటికి) చేరవేసే కార్నిటిన్‌కీ ఇదే ముడిసరుకు.

ఇక పెదవి మీద హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చే పొక్కుల సంగతి. ఆ వైరస్ పెరగడానికి ఆర్జినిన్ అనే మరో అమైనో ఆమ్లం కావాలి, లైసిన్ దానికి పోటీగా నిలుస్తుంది కాబట్టి పొక్కులు తగ్గుతాయని ఓ వాదన. వినడానికి బాగానే ఉంటుంది గానీ, జరిగిన పరీక్షలు చిన్నవి, ఫలితాలు కూడా ఒకదానికొకటి పొసగవు. నన్నడిగితే యాంటీవైరల్ మందు మానేసి దీన్ని నమ్ముకోవడం తెలివైన పని కాదు.

పెద్దవాళ్లకు రోజుకు కిలో బరువుకి సుమారు 30 మిల్లీగ్రాములు చాలు, అంటే 60 కిలోల మనిషికి 1.8 గ్రాములు. ధాన్యాల్లో ఇది తక్కువ. పప్పులు, పాలు, గుడ్లు, మాంసంలో దండిగా ఉంటుంది. వట్టి అన్నమో రొట్టెలో తిని సరిపెట్టుకునేవాళ్లకే లోటు వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే పక్కన పప్పు ఉండాలి. మాత్రలు ఎక్కువైతే కడుపునొప్పి, విరేచనాలు రావొచ్చు. కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.