ఆదరణ కూడికలో వాక్యం చెప్పబోయే బిడ్డకు

బిడ్డా,

ప్రభువు పేరట శుభములు. నీతో పనిచేసిన అబ్బాయి పోయాక వాడి ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికలో నువ్వే వాక్యం చెబుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు మురిసిపోయాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున బండి మీద ఆఫీసుకు పోయినవాడు సాయంత్రానికి లేడు. వాడి తల్లి ఎదురుగా నిలబడి నువ్వు నోరు తెరవాలి.

పెందలాడే వెళ్లు. ఫోన్ ఆపెయ్యి. పది నిమిషాలు దాటకు.

బైబిల్లో లూకా సువార్త 13వ అధ్యాయం చెబుతావట. ఆ అధ్యాయంతోనే నేను ఒక తల్లిని గాయపరిచాను, అందుకే ఈ ఉత్తరం.

2007 ఆగస్టు 25న మన హైదరాబాద్‌లో లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలి 40 మందికి పైగా పోయారు. ఊరంతా హడలిపోయి ఉంది. ఆ గురువారం మా స్త్రీల కూడికలో వాక్యం నాది. ఆ అధ్యాయంలోని సిలోయము గోపురం కూలి 18 మంది చచ్చిన సంగతి ఎత్తుకున్నాను. ‘మారుమనస్సు పొందనియెడల మీరందరును ఆలాగే నశింతురు’ అని గొంతు పెంచి మూడుసార్లు చదివాను. రేపు మనది కాదు, సిద్ధంగా లేనివాళ్ల గతి ఏమిటని గద్దించాను. అందరూ ఏడ్చారు. బాగా చెప్పానని పొంగిపోయాను కూడా, దాచడమెందుకు.

ప్రార్థన అయ్యాక ఒకామె నా దగ్గరికొచ్చింది. కొద్ది నెలల కింద ఆమె కొడుకు బస్సు కింద పడి పోయాడు. "అక్కా, ఆ పొద్దున వాడు నాతో కొట్లాడి, ప్రార్థన చేసుకోకుండానే పోయిండు. అయితే వాడు..." అని ఆగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె మళ్లీ కూడికకు రాలేదు.

నెల తర్వాత బైబిలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. "వాక్యం వద్దక్కా, కూర్చో" అని చిక్కుడుకాయల చాట ముందు పెట్టింది. ఇద్దరం మాట్లాడకుండా ఈనెలు తీశాం. బిడ్డల్ని పోగొట్టుకున్న యోబును ఓదార్చవచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్నంత సేపూ మంచివాళ్లే. నోరు తెరిచాకే చెడ్డారు.

ఆ భాగం మళ్లీ చదువుకో. గోపురం కింద చచ్చినవాళ్లు అందరికంటే పాపులా అంటే, ప్రభువు ముందు ‘కారని మీతో చెప్పుచున్నాను’ అన్నాడు. నేను ఆ ‘కారు’ను మింగేశాను. ‘మీరు’ అన్న మాట ఎదురుగా బతికి నిలబడ్డవాళ్లకు. చచ్చినవాళ్ల మీద ఆయన తీర్పు చెప్పలేదు. 1908 సెప్టెంబరు వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారంటారు. చెట్టెక్కినవాళ్లు భక్తులు, మూసీలో కొట్టుకుపోయిన వేలమంది పాపులు అని ఎవరనగలరు?

ఐదో వచనంతో ఆపొద్దు. వెంటనే అంజూరపు చెట్టు ఉంది. మూడేళ్లు కాయని చెట్టును నరకబోతే, ఈ ఏడు కూడా ఉండనియ్యి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు తోటమాలి. నాకు సిద్ధపాటంటే ఆ తవ్వకమే. కానీ ఆ అబ్బాయి తల్లికి అది కూడా కూడిక రోజు చెప్పకు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడని చెప్పి కూర్చో. సిద్ధపాటు గురించి మీ ఈడు పిల్లలకు తర్వాత చెప్పు, అదీ నీ సంగతిగా చెప్పు.

నా సంగతి విను. తెల్ల చీర ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టుకున్నాను. భూస్థాపన ఖర్చుకు డబ్బు బ్యాంకులో ఉంది. పాడాల్సిన పాటలు రాసి బైబిల్లో పెట్టాను. అంతా సిద్ధమే అనుకునేదాన్ని. బోడుప్పల్ ప్లాటు గొడవలో మీ మామయ్యతో మాట్లాడి మూడేళ్లయింది. నిన్న నీకోసం ఈ అధ్యాయం చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు.

కూడికకు బండి మీద పోకు, మెట్రోలో పో. పోయేలోపు మామయ్య కొత్త నంబరు పంపు. పాతది కలవడం లేదు.

నీ పెద్దమ్మ