పౌడర్ స్కీలు కొనేముందు ఇది ఒకసారి చదువు

ఒరేయ్ చిన్నా,

కొండెక్కి దిగడానికి కొందామని నువ్వు చెప్పిన మూడు పౌడర్ స్కీల (కొత్తగా పడ్డ మెత్తటి పొడి మంచు మీద జారేవి) గురించి చూశాన్రా, మూడూ మంచివే, మూడూ నీకొద్దు, కోపం తెచ్చుకోకుండా పూర్తిగా చదువు. ఒకటేమో 118 వెయిస్ట్ (అంటే స్కీ నడుం దగ్గర వెడల్పు, మిల్లీమీటర్లలో), ఇంకోటి ఒక్కో స్కీ 1200 గ్రాములే అని మురిసిపోయావు, మూడోది లిఫ్టెక్కి రిసార్ట్‌లో దిగేవాళ్ళ కోసం చేసింది, దాన్ని కాళ్ళకి కట్టుకుని కొండెక్కితే సాయంత్రానికి మీ పిన్ని నీకు కాళ్ళు పట్టాల్సొస్తుంది.

పౌడర్ స్కీ అనగానే అందరూ పౌడర్ గురించే ఆలోచిస్తారు, అక్కడే తేడా కొడుతుంది. మంచి పౌడర్‌లో ఏ స్కీ అయినా బాగానే ఉంటుంది, మరీ ముఖ్యంగా మన యూటా వసాచ్ కొండల్లో. అక్కడి ఆల్టా రిసార్ట్‌లో సీజన్‌కి సగటున 500 అంగుళాల పైనే పడుతుంది, అది కూడా నువ్వు సియాటిల్‌లో చూసిన తడి మంచు కాదు, ఊదితే ఎగిరిపోయే రకం. అందులో 100 వెయిస్ట్ స్కీతో దిగినా నీ మొహం చేటంత అవుతుంది. కానీ టూరింగ్‌కి, అంటే లిఫ్ట్ లేకుండా స్కీలతోనే కొండెక్కి దిగడానికి, వెళ్ళిన రోజు నువ్వు పౌడర్‌లో ఉండేది ఎంతసేపు చెప్పు, కలిపితే అరగంట ఉంటుందేమో. మిగతా టైమంతా ఎక్కడమే, తర్వాత రిడ్జ్ మీద గాలి కొట్టి గట్టిపడ్డ మంచు, దక్షిణం వైపు వాలుల్లో ఎండకి కరిగి మళ్ళీ బిగిసిన క్రస్ట్, చివర్లో మిల్ డీ నార్త్ లోయ లాంటి చోట పది మంది దిగి నున్నగా చేసిన ఇరుకు దారిలో చెట్ల మధ్య బ్రేకులేసుకుంటూ కారు దాకా రావడం. స్కీని వీటి కోసం ఎంచుకోవాలి, పౌడర్ సంగతి పౌడరే చూసుకుంటుంది.

అందుకే నీకు నేను చెప్పేది 100 నుంచి 108 మధ్యలో వెయిస్ట్. 115 దాటితే స్కిన్ (ఎక్కేటప్పుడు వెనక్కి జారకుండా స్కీ అడుగున అంటించే పట్టీ) వేసుకుని ఎక్కే ట్రాక్ అడ్డంగా వాలు మీద పోయేచోట స్కీ అంచు, అదే ఎడ్జ్, పట్టదు, చీలమండ లాగేస్తుంది, పైగా స్కీ వెడల్పయ్యేకొద్దీ స్కిన్ కూడా వెడల్పే కదా, ఆ బరువు ఎవరూ లెక్కలో వెయ్యరు. ఇంకో సంగతి, వెడల్పు స్కీని తిప్పడానికి బూట్ కూడా గట్టిది కావాలి, నీ దగ్గరున్న తేలిక బూట్‌తో 118ని క్రస్ట్ మీద తిప్పలేవు, అదే నిన్ను తిప్పుతుంది.

బరువు విషయానికొస్తే, 178 సెంటీమీటర్ల పొడవు దగ్గర ఒక్కో స్కీ 1400 నుంచి 1600 గ్రాములు ఉంటే నీకు చాలు. లెక్క వేసి చూడు, స్కీ 1500, పిన్ బైండింగ్ (బూట్‌ని పిన్నులతో స్కీకి పట్టి ఉంచేది) 350, బూట్ 1300, స్కిన్ 250, మొత్తం ఒక్కో కాలికి 3400 గ్రాములు. అందులో స్కీ దగ్గర మూడొందల గ్రాములు తగ్గిస్తే ఎక్కేటప్పుడు హాయిగానే ఉంటుంది, కాదనను, కానీ 1200 గ్రాముల కార్బన్ స్కీ గట్టి మంచు మీద పోపులో ఆవాలు ఎగిరినట్టు చిటపటలాడుతూ ఎగురుతుంది, అలిసిపోయిన కాళ్ళతో దాన్ని పట్టుకోవడం నరకం. కార్బన్ బిగుసుగా ఉంటుంది, అదురుని మింగదు. ఫైబర్‌గ్లాస్ కాస్త బరువైనా మెత్తగా పోతుంది. లోపల చెక్క ఏంటో కూడా అడుగు, పౌలోనియా తేలిక, యాష్, బీచ్ గట్టివి, ఈ రెండు రకాలూ కలిపిన కోర్, అదే లోపలి చెక్క, దొరికితే మంచిది. వోలే, డీపీఎస్ రెండూ సాల్ట్ లేక్ కంపెనీలే, షాపుల్లో చేత్తో పట్టుకుని చూడొచ్చు, ఫోటోలు చూసి ఆర్డర్ పెట్టకు.

షాప్‌కి వెళ్తే ఇలా చెయ్. రెండు స్కీల అడుగు భాగాలు ఒకదానికొకటి ఆనించి పట్టుకుని పక్కనుంచి చూడు. మధ్యలో కొంచెం సందు కనపడాలి, అది క్యాంబర్, కాలి కింద అది ఉంటేనే నువ్వు నిలబడ్డప్పుడు స్కిన్ మంచుకి అదిమి పట్టుకుంటుంది. ముక్కు దగ్గర రెండూ విడిపోయేది ఎక్కడో చూడు, అది రాకర్. ముక్కు నుంచి జానెడున్నర, రెండు జానెల లోపు విడిపోతే బాగుంటుంది. కాలి దగ్గర దాకా విడిపోతూ వచ్చిందంటే పౌడర్‌లో తేలుతుంది గానీ నిటారు ట్రాక్‌లో స్కిన్ సగం గాల్లోనే ఉండి జారిపోతావు. తోక మాత్రం దాదాపు చదునుగా ఉండాలి, స్కిన్ క్లిప్ సరిగ్గా కూర్చుంటుంది, స్కీని మంచులో నిలువుగా గుచ్చొచ్చు కూడా.

కిక్ టర్న్ (ఎక్కే దారి మెలిక తిరిగేచోట ఒక్కో స్కీ లేపి అటు తిప్పి పెట్టడం) సంగతి కూడా ఆలోచించు. మెలిక దగ్గర పై స్కీ తిప్పి పెట్టాక, కింది కాలు లేపి మడమతో చిన్న తాపు తంతే తోక పడి ముక్కు పైకి లేవాలి, అప్పుడే అది మోకాలి ముందునుంచి తిరిగి వస్తుంది. ముక్కు బరువు, పొడవు ఎక్కువైతే లేవదు, వెళ్ళి మంచు గట్టుకి తగులుకుంటుంది, నువ్వు ఒంటికాలి మీద కొంగలా నిలబడి వెనకాల వాళ్ళందరినీ ఆపుతావు. అందుకే నీ ఎత్తుకి, అంటే 5 అడుగుల 8కి, 185 సెంటీమీటర్ల స్కీ వద్దంటున్నా.

బరువు డబ్బా మీద రాసింది నమ్మకు, వంటింటి స్కేల్ తీసుకెళ్ళి తూచు, షాప్ వాళ్ళేమీ అనుకోరు. ఒకే జతలో రెండిటికీ నలభై యాభై గ్రాముల తేడా ఉండటం మామూలే.

బైండింగ్ పిన్‌దే తీసుకో, వేరే ఆలోచన పెట్టుకోకు. ఆస్ట్రియా ఆయన ఫ్రిట్జ్ బార్తెల్ 1980ల్లో బరువు మోయలేక కనిపెట్టింది అది, ఇప్పుడొచ్చే పిన్ బైండింగ్‌లన్నీ దాని పిల్లలే. బ్రేక్ (స్కీ కాలి నుంచి ఊడితే జారిపోకుండా ఆపేది) ఉన్నది తీసుకుంటే స్కీ వెయిస్ట్ కంటే కొంచెం వెడల్పుండాలి, 105 స్కీకి 110 లేదా 115 బ్రేక్ చూడు. సెకండ్ హ్యాండ్ స్కీ కొంటే ముందు పాత బైండింగ్ స్క్రూల రంధ్రాలు చూడు, తేలిక స్కీలో కోర్ పల్చన, పాత రంధ్రం పక్కనే కొత్తది వేస్తే స్క్రూ ఊడొస్తుంది, అదీ ఎక్కడో కొండ మీద. స్కిన్ మోహేర్ (మేక వెంట్రుక), నైలాన్ కలిసినది తీసుకో, కత్తిరించేటప్పుడు రెండువైపులా ఎడ్జ్ బయటికి కనపడేలా వదులు.

ఇదంతా ఒకెత్తు, డబ్బు సంగతి ఒకెత్తు. బీకన్ (మంచు కింద కూరుకుపోయినవాళ్ళని వెతికే రేడియో పరికరం), పార, ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడుగు కడ్డీ) కొనకుండా స్కీల మీద మొత్తం పోస్తానంటే నేను నీతో రాను, ఇంకెవరితోనూ వెళ్ళనివ్వను. అవలాంచ్ (మంచు చరియ) కోర్స్ లెవెల్ వన్‌కి ముందు పేరు ఇచ్చుకో, సీట్లు త్వరగా అయిపోతాయి. యూటా అవలాంచ్ సెంటర్ ఫోర్‌కాస్ట్ రోజూ పొద్దున్నే చదవడం ఇప్పట్నుంచే అలవాటు చేసుకో. స్లాబులు (పలకలా విరిగి జారే మంచు పొరలు) ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద, మనం మొదటి ఏడాది 30 లోపే తిరుగుదాం, అందుకు కూడా 105 స్కీ ఎక్కువే.

శనివారం వస్తావు కదా, బూట్లు తెచ్చుకో. స్కీకి బైండింగ్ మౌంట్ చేసేవాడికి (బిగించేవాడికి) బూట్ సోల్ కొలత కావాలి, సీజన్ మొదట్లో వాడి దగ్గర వారం పైనే పడుతుంది, అందుకే ఆలస్యం చెయ్యకు.

మీ బాబాయ్