కర్ణుడి వేషం కడుతున్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నోడా,

సంక్రాంతికి ఊళ్ళో కర్ణుడి వేషం కడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాత్రి అన్నం సహించలేదు, సంతోషమో భయమో నాకే తెలీదు. భీముడి వేషమైతే హాయిగా పడుకునేవాణ్ణి. నీ చేతికి కర్ణుడంటేనే టెన్షన్.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. ఇప్పట్నుంచే చల్లనీళ్ళు మానెయ్. కిరీటం ముందురోజే పెట్టి చూసుకో, జారితే లోపల గుడ్డ కుక్కు. రంగు సబ్బుతో రుద్దకు, కొబ్బరినూనె రాసి తుడుచుకో.

ఇక అసలు సంగతి. కర్ణుణ్ణి ఏడుపుగొట్టు వాణ్ణి చెయ్యకు. వాణ్ణి ప్రేమించేవాళ్ళు లేకపోలేదురా. పెంపుడు తల్లి రాధ తన మలమూత్రాలు ఎత్తి పెంచిందని కృష్ణుడితో వాడే చెప్తాడు. అంత తెలిసినవాడికీ చెవిలో 'సూతపుత్రుడు', అంటే రథం తోలేవాడి కొడుకు, అన్న మాటే మోగుతుంటుంది. భీష్ముడు అర్ధరథుడని, సగం వీరుడేనని తీసిపారేస్తే, ఆయనుండగా ఆయుధం పట్టనని పది రోజులు కూర్చున్నాడు. నీ శౌర్యం నాకు తెలుసు, నీ దూకుడు తగ్గించడానికే అలా అన్నానని ఆ ముసలాయన అంపశయ్య మీద పడ్డాక గానీ చెప్పలేదు. నన్ను అవమానించారు అనుకునేవాడికి తను చేసే అవమానం కనపడదు, నిండు సభలో ద్రౌపదిని ఏమన్నాడో చూడు. ఆ మాట అనేటప్పుడు మెత్తబడకు, జనం నిన్ను అసహ్యించుకుంటే అసహ్యించుకోనీ.

ఇదంతా నాకు పుస్తకంలోంచి రాలేదు. మీ తాతయ్య జట్కా తోలేవాడని నీకు తెలుసుగా. బళ్ళో నన్ను జట్కావాడి కొడుకనేవాళ్ళు. 22 ఏళ్ళకి నాటక పరిషత్తు పోటీలో కర్ణుడి వేషం దొరికితే, ఆ కసంతా పద్యాల్లో పోశాను. మధ్యలో హార్మోనియం ఆయన రెండుసార్లు గట్టిగా దగ్గాడు. జట్కావాడి కొడుక్కి పాటేంటని నవ్వుతున్నాడనుకుని, ఆయన వైపు గుడ్లురిమి ఇంకా పైకి లాగాను, గొంతు జీరబోయింది. దిగాక ఆయన కాలరు పట్టుకున్నాను కూడా. శృతి తప్పుతున్నానని హెచ్చరించాడట పాపం, నెల తర్వాత తెలిసింది.

అది చిన్న తప్పే. భారతంలో కర్ణుడికి అంగరాజ్యం కట్టబెట్టగానే పెంచిన తండ్రి అధిరథుడు వస్తాడు చూడు, చెమటలు కారుతూ, పైపంచె జారిపోతూ, కర్ర ఊతంతో. అభిషేకం నీళ్ళు ఇంకా ఆరని తల వంచి కర్ణుడు మొక్కుతాడు. ఆ ముసలాయన కంగారుగా తన పాదాలు పంచె కొంగుతో కప్పుకుంటాడు. ఆ రోజు స్టేజీ మీద నేను ఆ మొక్కు మొక్కినప్పుడు జనం చప్పట్లు కొట్టారు, నేను అధిరథుడి వేషగాణ్ణి వదిలేసి వాళ్ళనే చూశాను. నాటకం అయ్యాక మా నాన్న మేకప్ గది గుమ్మం దగ్గరికొచ్చాడు. బండి తోలుకుని నేరుగా వచ్చాడు, కాళ్ళ నిండా దుమ్ము, లోపలికి రాకుండా చెప్పుల స్టాండు పక్కనే ఆగిపోయాడు. చుట్టూ పెద్ద నటులున్నారు. నేను చూడనట్టు అద్దం వైపు తిరిగి కిరీటం తీసుకుంటున్నాను. అద్దంలో ఆయన కనపడుతూనే ఉన్నాడు. కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. దాని గురించి ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇంటర్వ్యూలో నీ ఇంగ్లీషు విని నవ్వారని మొన్న చెప్పావు. నవ్వింది నీకేనా, వాళ్ళలో వాళ్ళేదో అనుకున్నారా? అడిగావా? అడగవు, మేనమామ పోలిక. ఆ ఉక్రోషంతోనే ఈ వేషం ఒప్పుకున్నావని నా అనుమానం. తప్పైతే ఫోన్ చేసి తిట్టు, పడతాను. పద్యం ఎత్తుకున్నావంటే నీది మా అందరికంటే మంచి గొంతురా, ఈ ముక్క మీ అమ్మకి చెప్పకు.

అధిరథుడి వేషం ఎవరేస్తున్నారో కనుక్కుని చెప్పు. ఎవరూ దొరక్కపోతే నేనొస్తా. మోకాళ్ళు ఎలాగూ పోయాయి, ఆ కర్ర పట్టుకోవడం నటించక్కర్లేదు.

మీ మావయ్య